పాలమూరు, నల్లగొండ నుంచి మాల్టాకు: ముందు గాలి చూసుకోండి, తర్వాతే బీచ్

ఇటలీ కింద సిసిలీ ఉంటుంది. అక్కడి నుంచి దక్షిణంగా ఓ 90 కిలోమీటర్లు వస్తే మధ్యధరా సముద్రం నడుమ మాల్టా. మాల్టా, గోజో, కొమినో మూడు దీవులూ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. మన నాగార్జునసాగర్ నిండినప్పుడు నీళ్లు పరుచుకునే మేరే 285 చదరపు కిలోమీటర్లు. అంటే సాగర్ కంటే కాస్త పెద్ద దేశం, అంతే.

ఈ లెక్క చూసి చాలామంది 3 రోజుల్లో చుట్టేద్దామని బయల్దేరతారు. దెబ్బ తినేది అక్కడే. పెద్ద దీవి పొడవు 27 కిలోమీటర్లే అయినా ఈ కొస నుంచి ఆ కొసకు బస్సులో గంటన్నర పడుతుంది. వేసవిలో నిండిన బస్సు ఆగదు. గాలి తిరిగితే పడవలు ఆగిపోతాయి. బాగా పేరున్న ఒక చోటికి టికెట్లు వారాల ముందే అయిపోతాయి. కాబట్టి చూడాల్సిన చోట్ల జాబితా రాసుకుని వెళ్తే కుదరదు. ముందుగా బుక్ చేయాల్సినవి 2, 3 ఉన్నాయి. వాటిని ఖాయం చేసుకుని, మిగతా రోజులను గాలిని బట్టి అటూఇటూ మార్చుకునేలా ఉంచుకోవాలి. కనీసం 6 రాత్రులు పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

దసరా సెలవులే సరైన అదను. సముద్రం ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది. మే నెలలో ఎండ బాగానే కాసినా నీళ్లు 19 డిగ్రీల దగ్గరుండి వణికిస్తాయి. సెప్టెంబరులో అదే నీరు 25, 26 డిగ్రీలుంటుంది. అప్పటికి యూరప్ పిల్లలకు బడులు తెరిచేస్తారు కాబట్టి జనం పలచబడతారు, గదుల ధరలూ దిగుతాయి. బతుకమ్మను వదిలి వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకుంటారా అన్నది మీరే తేల్చుకోండి. అక్టోబరు నడిమికొస్తే ఒకటి రెండు రోజులు ఉరుముల వాన తగలొచ్చు.

జులై, ఆగస్టుల్లో అక్కడి ఎండ 31, 32 డిగ్రీలు. నల్లగొండ మే నెల చూసినవాళ్లకు అదొక లెక్కా అనిపిస్తుంది. కానీ చెట్టు నీడ దొరకదు. లేత పసుపు సున్నపురాయి గోడలు, రాళ్ల ఒడ్డు, కింద నీళ్లు అన్నీ ఎండను మొహం మీదికే తిప్పి కొడతాయి. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయట తిరిగి వడదెబ్బ తిన్నవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. ఆరుబయటి క్లబ్బులు మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు వరకే బాగా నడుస్తాయి. రాత్రి సందడే ముఖ్యమనుకుంటే ఆ నెలల్లోనే వెళ్లాలి. సంక్రాంతి సెలవుల్లో వెళ్తే ఈత మాట మరచిపోండి, నీళ్లు 15, 16 డిగ్రీలకు పడిపోతాయి. కోటలు, గుళ్లు చూడటానికి మాత్రం ఆ చలి హాయి.

వీసా: మన జిల్లాల వాళ్లకు తగిలే చిక్కులు

మాల్టా 2004లో యూరోపియన్ యూనియన్‌లో, 2007లో షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది. కావలసింది షెంగెన్ షార్ట్ స్టే వీసా. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. పెద్దవాళ్లకు వీసా రుసుము 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. దరఖాస్తులు వీఎఫ్ఎస్ కేంద్రాల్లో తీసుకుంటారు, వాళ్ల సేవా రుసుము వేరుగా ఉంటుంది. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. 15 రోజుల్లో తేల్చడం మామూలే గానీ 45 రోజుల దాకా పట్టొచ్చు. అందుకని కనీసం 2 నెలల ముందే వేయండి. పాస్‌పోర్టు తీసుకుని పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా 3 నెలలు చెల్లాలి, 2 పేజీలు ఖాళీగా ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

కాగితాలు ఎవరైనా చెబుతారు. తిరస్కరణ ఎక్కడొస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఉద్యోగస్తులకు జీతం స్లిప్పులు, సెలవు మంజూరు ఉత్తరం ఉంటాయి. వ్యవసాయం మీద బతికేవాళ్లకు ఐటీ రిటర్నులు ఉండకపోవచ్చు. అలాంటప్పుడు పట్టాదారు పాస్‌బుక్, మార్కెట్ యార్డులో పత్తి లేదా వడ్లు అమ్మిన తక్‌పట్టీలు, ఆ డబ్బు బ్యాంకులో పడినట్టు చూపే స్టేట్‌మెంటు మూడూ ఒకదానికొకటి అతకాలి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిషు అనువాదం నోటరీ చేయించి జతపరచండి. అన్నిటికంటే పెద్ద పొరపాటు ఏమిటంటే, ఖాతాలో 40 వేలు ఉంటే చాలదని దరఖాస్తుకు వారం ముందు చిట్టీ పాడో, బావమరిది దగ్గర తెచ్చో 4 లక్షలు వేయడం. అధికారి కన్ను ముందు పడేది ఆ అంకె మీదే. చిట్టీ డబ్బే అయితే చిట్టీ కాగితం పెట్టి ఒక పేరాలో వివరం రాయండి, ఇబ్బంది ఉండదు.

రెండో చిక్కు ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకులో అసలు లేకుండా ఉండటం మన ఇళ్లలో మామూలే. విమానం టికెట్, హోటల్, బీమా మూడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తేడాలున్న కాగితాలకు కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం చాలు.

ఇంకో మాట. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని పెట్టిస్తామని చెప్పే ఏజెంట్లు మండల కేంద్రాల్లో కూడా ఉన్నారు. ఈ వీసాతో పని చేయడం చట్టవిరుద్ధం. పనికి వేరే పర్మిట్ ఉంది. డబ్బు కట్టకండి.

టికెట్లు, సామాను

మన దగ్గర నుంచి నేరు విమానం లేదు. శంషాబాద్ నుంచి దుబాయ్, ఇస్తాంబుల్ మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్, రోమ్ లాంటి యూరప్ నగరాల మీదుగానో వెళ్లాలి. యూరప్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ మాల్టాలో కాదు, మొదట దిగిన షెంగెన్ విమానాశ్రయంలోనే. అక్కడ ఇప్పుడు వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకునే ఈఈఎస్ పద్ధతి వచ్చింది, వరుస నెమ్మదిగా కదులుతుంది. తర్వాతి విమానానికి 3 గంటలైనా వ్యవధి ఉండేలా టికెట్ తీయండి. హోటల్ బుకింగ్, బీమా, తిరుగు టికెట్ కాగితాలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెట్టి చెకిన్ చేశాక అధికారి అడిగితే చూపించడానికేమీ ఉండదు.

పాలమూరు వాళ్లకు 44వ జాతీయ రహదారి మీద జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే నగరంలోకి పోకుండానే విమానాశ్రయం వచ్చేస్తుంది. నల్లగొండ వాళ్లు చిట్యాల మీదుగా పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కడం మేలు.

తినుబండారాల్లో సకినాలు, కారం పొడులు, మామిడికాయ తొక్కు పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి, ఎండు మాంసం మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. అమ్మలు చివరి నిమిషంలో సంచిలో దూర్చే పచ్చి కరివేపాకు కట్టా అంతే, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని పచ్చి ఆకులు చెల్లవు. ఎండబెట్టి పొడి కొట్టుకుని తీసుకెళ్లండి.

ప్లగ్గు విషయం చాలామంది మరిచిపోతారు. మాల్టా 1964 వరకు బ్రిటిష్ పాలనలో ఉంది కాబట్టి అక్కడ మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు. దుబాయ్‌లోనూ అదే వాడతారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ఊళ్లో ఉంటే ఒక అడాప్టర్ అడిగి తీసుకోండి. రబ్బరు అడుగు ఉన్న నీళ్ల బూట్లు ఒక జత తప్పనిసరి, కారణం కింద చెబుతాం.

యూపీఐ మీద ఆధారపడకండి. ఫారెక్స్ కార్డు లేదా మామూలు కార్డును బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకానికి తెరిచి ఉంచుకోండి. చేతిలో 150, 200 యూరోల చిల్లర నోట్లు చాలు. యూరో 100 రూపాయలు అనుకుంటే మనసులో లెక్క సులువు, ఇవాళ రేటు కాస్త ఎక్కువే ఉండొచ్చు. ఓటీపీలు వస్తాయి కాబట్టి మన సిమ్‌కు రోమింగ్ ఉంచాలి.

బోర్డులు చదవడం, బస్సు ఎక్కడం

ఇంగ్లిషు అక్కడ అధికార భాషే, మాట్లాడటానికి ఇబ్బంది లేదు. కానీ ఊళ్ల పేర్లు మాల్టీ భాషలో ఉంటాయి. ఎక్స్ అక్షరం కనిపిస్తే ‘ష’ అనాలి. జి మీద చుక్క ఉంటే ‘జ’, సి మీద చుక్క ఉంటే ‘చ’. క్యూ దాదాపు పలకదు. మాల్టీ అరబ్బీ కుటుంబపు భాష, రోమన్ లిపిలో రాస్తారు. పుస్తకాన్ని ‘క్తీబ్’ అంటారు, మన ఊళ్లలో ఇంకా వినపడే కితాబుకు చుట్టమే. రమ్మని పలకరించేది ‘మెర్హబా’ అని.

ఊరి పేరుతో బస్సు అడిగేటప్పుడు ఈ ఉచ్చారణే పనికొస్తుంది. విమానాశ్రయం నుంచి ఎక్స్2 స్లీమా, సెయింట్ జూలియన్స్ వైపు, ఎక్స్4 రాజధాని వలెట్టాకు పోతాయి. వలెట్టా నుంచి 51, 52, 53 ఇమ్‌దీనాకు, 74 హజర్ ఈమ్ రాతిగుళ్లకు, 41, 42 మెల్లీహా వైపు, 81, 85 మార్సాష్లోక్‌కు. టికెట్ డ్రైవరు దగ్గరే. వేసవిలో పగలు 2.50, రాత్రి బస్సులో 3 యూరోలు. 2 గంటల్లోపు వేరే బస్సు మారినా అదే టికెట్ చెల్లుతుంది. స్టాపులో నిలబడి చూస్తూ ఉంటే బస్సు ఆగదు, మన దగ్గర ఆర్టీసీని ఆపినట్టే చెయ్యెత్తాలి. స్లీమా మధ్యలో నిలబడితే నిండిన బస్సులు మూడు, నాలుగు అలా పోతూనే ఉంటాయి. బస్సు బయల్దేరే చోటికి, అంటే వలెట్టా గేటు బయటి బస్టాండుకో స్లీమా ఫెర్రీ దగ్గరికో నడిచి ఎక్కితే సీటు దొరుకుతుంది.

కారు అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే ఎడమ వైపు డ్రైవింగే కాబట్టి మన చేతికి అలవాటైనదే. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ జిల్లా ఆర్టీఏలోనే తీసుకోవచ్చు. కానీ పార్కింగ్ దొరక్క గంటలు పోతాయి. గోజోలో కారు ఉపయోగం, మాల్టాలో తలనొప్పి. ఇద్దరు, ముగ్గురు ఉంటే బోల్ట్, ఈక్యాబ్స్ యాప్‌లలో ట్యాక్సీ పిలిస్తే సరిపోతుంది.

ఎక్కడ దిగాలి

స్లీమా, సెయింట్ జూలియన్స్ అన్నిటికీ అనువు, ధర ఎక్కువ. గది క్లబ్బులుండే పాచెవిల్ వీధులకు ఆనుకుని ఉంటే తెల్లవారుజాము 4 దాకా నిద్ర ఉండదు. పిల్లలతో వెళ్లేవాళ్లు స్లీమా సముద్రపు రోడ్డుకు రెండు వీధులు వెనక్కి తీసుకోండి. చరిత్ర మీద మక్కువ ఉంటే వలెట్టా బాగుంటుంది, కానీ ఆ ఊరంతా మెట్లే, పాత ఇళ్లలో లిఫ్టు ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే బుక్ చేసేముందు ఎన్నో అంతస్తో, లిఫ్టు ఉందో లేదో రాసి అడగండి. బుజిబ్బా, ఔరా వైపు చవక, బస్సు ప్రయాణం ఎక్కువ.

బీచ్: వాస్తు దిక్కులు పనికొచ్చే చోటు

ఏ బీచ్ బాగుంటుందని అడిగితే మాల్టా వాళ్లు తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే, ఇవాళ గాలి ఎటు నుంచి? చిన్న దీవి కాబట్టి ఒక వైపు అలలు రాళ్లకు విరుచుకుపడుతుంటే ఎదుటి వైపు చెరువులా ఉంటుంది. పొద్దున లేవగానే వాతావరణం యాప్‌లో గాలి దిక్కు, బలం చూడండి. ఈశాన్యం, ఆగ్నేయం ఏవో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వాయవ్యం గాలి అక్కడ ఎక్కువ, దాన్ని మజ్జిస్త్రాల్ అంటారు. అది వీస్తున్నప్పుడు పశ్చిమాన ఉన్న గోల్డెన్ బే, అయిన్ తుఫీహా, జ్నేనా బీచ్‌లు వదిలేయండి. ఆగ్నేయం వైపు ప్రెట్టీ బే, సెయింట్ పీటర్స్ పూల్ ప్రశాంతంగా ఉంటాయి. ఈశాన్యం గాలి గ్రిగాల్ వస్తే స్లీమా, సెయింట్ జూలియన్స్ ఒడ్డు, మెల్లీహా బే, గోజోలోని రమ్లా మోటుగా ఉంటాయి. ఆ రోజు గోల్డెన్ బేకి వెళ్లాలి. ఆగ్నేయం గాలి పేరు ష్లోక్. మార్సాష్లోక్ ఊరి పేరులో ఉన్నది అదే, ‘మార్సా’ అంటే రేవు. ష్లోక్ వీచే రోజు ఆ వైపు, బ్లూ గ్రోటో గుహల వైపు పోకండి. గుహల్లోకి తిప్పే చిన్న పడవలు కూడా అలాంటి రోజు నడవవు. బస్సెక్కి గంట వెళ్లాక పడవలు లేవని తెలిసి వెనక్కి రావడం అక్కడ రోజూ కనిపించే దృశ్యం.

ఇసుక బీచ్‌లు కొన్నే. పిల్లలకు మెల్లీహా బే మేలు, చాలా దూరం వరకు నడుము లోతు దాటదు. అయిన్ తుఫీహా అందంగా ఉంటుంది, కిందికి చాలా మెట్లు దిగాలి, అంతకంటే ముఖ్యం తిరిగి ఎక్కాలి. మిగతా తీరమంతా రాయి.

ఆ రాయి గురించి మన ప్రాంతపు ఈతగాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. బాయిలో ఈత నేర్చుకున్నవాళ్లకు లోతంటే భయం ఉండదు, గట్టు మీది నుంచి దూకడం అలవాటే. కానీ బాయి నీళ్లు కదలవు, ఎక్కే మెట్టు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. సముద్రంలో ఉప్పు వల్ల తేలడం సులువు, బయటికి రావడమే కష్టం. నీటి అంచున రాయికి పాకుడు పట్టి ఉంటుంది. చేత్తో పట్టుకుని కాలు మోపేలోపు అల వచ్చి వెనక్కి లాగుతుంది, తర్వాతి అల అదే రాయికేసి కొడుతుంది. మోకాళ్లు, మోచేతులు చీరుకుపోయేది అప్పుడే. రాయి సందుల్లో నల్లటి ముళ్లతో సముద్రపు అర్చిన్‌లు ఉంటాయి, అరికాలిలో ముల్లు విరిగిందంటే యాత్ర అక్కడితో ఆగినట్టే. నీళ్ల బూట్లు అందుకే. దిగేముందు ఎక్కే చోటు చూసుకోండి. ఇనుప నిచ్చెన ఉన్న చోటే దిగండి. అల వచ్చినప్పుడు రాయికి దూరంగా ఆగి, అది మిమ్మల్ని పైకి లేపిన క్షణంలో నిచ్చెన పట్టుకోవాలి. సెయింట్ పీటర్స్ పూల్‌లో లైఫ్‌గార్డు ఉండరు, నీడా ఉండదు.

జెండాలు చూడండి. ఎరుపు ఉంటే దిగొద్దు, ఊదా రంగు ఉంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని. జెల్లీఫిష్ కుడితే మంచినీళ్లతో కడగకూడదు, మంట పెరుగుతుంది. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగులను ఏటీఎం కార్డు అంచుతో గీకి తీసేయండి, రుద్దకండి. ఊపిరి ఇబ్బంది అనిపిస్తే 112కు ఫోన్ చేయాలి.

ఆడవాళ్లు చుడీదార్‌తో ఒడ్డున కూర్చున్నా, ఈత దుస్తుల్లో దిగినా ఎవరూ పట్టించుకోరు. నూలు బట్టలతో నీళ్లలో దిగడం మాత్రం ప్రమాదం, తడిసి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. నిండుగా కప్పే ఈత దుస్తులు హైదరాబాద్‌లో దొరుకుతాయి.

కొమినో, గోజో

ఫొటోల్లో కనిపించే మణి రంగు నీళ్లు కొమినోలోని బ్లూ లగూన్‌వి. జనం తొక్కిడి తగ్గించడానికి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా సమయం బుక్ చేసుకుని వెళ్లాలి, అక్కడ చేతికి పట్టీ కడతారు. ఉదయం వేళే తీసుకోండి. 11 దాటితే తువ్వాలు పరిచే జాగా దొరకదు. మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి, అక్కడ బండ్ల మీద కొంటే ధర చురుక్కుమంటుంది.

గోజోకు ఒక్క రోజు పెట్టుకుని వెళ్లేవాళ్లు ఎక్కువ, కనీసం ఒక రాత్రి ఉండటం మంచిది. చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీ 25 నిమిషాలు. పోయేటప్పుడు డబ్బులడగరు, తిరిగి వచ్చేటప్పుడే 4.65 యూరోలు తీసుకుంటారు. వలెట్టా నుంచి వేగంగా పోయే పడవ ముప్పావు గంటలో దింపుతుంది. గోజో బస్సులు దాదాపు అన్నీ విక్టోరియా ఊరి మీదుగానే: 307 జగంతీయ గుడికి, 302 రమ్లా ఎర్ర ఇసుకకు, 311 ద్వేరాకు. ద్వేరాలో సముద్రంలో నిలబడిన రాతి తోరణం పాత ఫొటోల్లో ఇంకా కనిపిస్తుంది, అది 2017 మార్చి 8న తుపానుకు కూలిపోయింది. దాని కోసమైతే వెళ్లకండి. పక్కనే ఉన్న ఇన్‌లాండ్ సీ అనే ఉప్పునీటి మడుగు నుంచి గుహ గుండా బయటి సముద్రంలోకి పడవలో వెళ్లడం మాత్రం వదులుకోవద్దు.

రాతిగుళ్లు, నైట్‌ల నగరం

కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు చూసినవాళ్లకు మాల్టా రాతిగుళ్లు వెంటనే పట్టుబడతాయి. మనవి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి 2025లో ఎక్కాయి, వాళ్లవి 1980 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. జగంతీయను క్రీ.పూ. 3600 ప్రాంతంలో కట్టారు. ఈజిప్టు పిరమిడ్లు అప్పటికి లేవు. లోహపు పనిముట్లు లేకుండా, పెద్ద బండలను కదిలించి నిలబెట్టి, గుండ్రటి గదులుగా అమర్చారు. హజర్ ఈమ్, మ్నైద్రా రెండూ పక్కపక్కనే, రాయి అరిగిపోకుండా పైన పెద్ద డేరాలు వేశారు. మ్నైద్రా దక్షిణ గుడి గుమ్మంలోంచి పగలు, రాత్రి సమానమయ్యే రోజుల్లో పొద్దు తిన్నగా లోపలికి పడుతుంది. సెప్టెంబరు ఆఖరులో ఉంటే ఆ రోజుకు ప్రత్యేక టికెట్లు ఉన్నాయేమో ఈ గుళ్లను చూసుకునే హెరిటేజ్ మాల్టా సంస్థ సైట్‌లో చూడండి. మామూలు రోజుల్లో పొద్దున తెరవగానే పోవాలి, మిట్ట మధ్యాహ్నం నీడ కొద్దిగానే.

ముందే బుక్ చేయాలని మొదట్లో చెప్పింది హైపోజియం గురించి. పావోలా ఊళ్లో మామూలు ఇళ్ల కింద, రాతిలో మూడు అంతస్తులు లోతుగా తొలిచిన సమాధి మందిరం. 1902లో ఇళ్లు కడుతున్న కూలీలకు బయటపడింది. సుమారు 7,000 మందిని అందులో ఉంచి ఉంటారని అంచనా. గోడల మీద జేగురు రంగు చుట్టలు ఇంకా ఉన్నాయి. మనుషుల ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ ఆ రంగును తినేస్తాయి కాబట్టి గంటకు 10 మందినే పంపుతారు, ఫొటోలు తీయనివ్వరు. వేసవి టికెట్లు చాలా ముందే అయిపోతాయి. తేదీలు ఖాయం చేసేముందు ఈ క్యాలెండరు తెరిచి చూడండి, ఖాళీ ఉన్న రోజును బట్టే విమానం టికెట్ ఆలోచించండి. అది కుదరకపోతే మరుసటి రోజుకు కొన్ని టికెట్లు వలెట్టాలోని సెయింట్ ఎల్మో కోటలో ఎక్కువ ధరకు అమ్ముతారు. తలుపులు తెరిచే ముందే వరుసలో ఉండాలి.

వలెట్టా కథ 1565తో మొదలవుతుంది. ఆటోమన్ తుర్కుల సైన్యం నెలల తరబడి ముట్టడించి వెనుదిరిగాక, దీవిని ఏలుతున్న క్రైస్తవ యోధుల సంఘం సెయింట్ జాన్ నైట్‌ల అధిపతి వలెట్ 1566లో ఈ కొత్త నగరానికి పునాది వేశాడు. నైట్‌లు 1530 నుంచి 1798లో నెపోలియన్ వచ్చేదాకా ఏలారు. సెయింట్ జాన్స్ కో-కేథడ్రల్ బయటి నుంచి గోదాములా ఉంటుంది, ‘ఇదేనా?’ అని దాటిపోయేవాళ్లున్నారు. లోపల అంగుళం ఖాళీ లేకుండా బంగారు పూత. నేలంతా రంగు చలవరాతి సమాధి పలకలు, 400 దాకా. ఒక గదిలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో గీసిన సెయింట్ జాన్ శిరచ్ఛేదం ఉంది. అతను సంతకం పెట్టిన ఒకే ఒక్క చిత్రం. ఆ సంతకం చిత్రంలో కారిన నెత్తుటి మడుగులోనే ఉంటుంది, దగ్గరికి వెళ్లి కిందికి చూడండి. భుజాలు కప్పుకోవాలి, సన్న మడమల చెప్పులు ఒప్పుకోరు, పలకలు గుంటలు పడతాయని. ఆదివారం సందర్శకులకు మూసే ఉంటుంది. కాబట్టి ఆదివారం మార్సాష్లోక్ చేపల సంతకు, సోమవారం వలెట్టాకు పెట్టుకుంటే సరి.

అప్పర్ బరక్కా తోట నుంచి మధ్యాహ్నం 12కు, 4కు ఫిరంగి పేలుస్తారు, పది నిమిషాల ముందు వెళ్తే రెయిలింగు దగ్గర చోటు దొరుకుతుంది. అక్కడి నుంచి లిఫ్టులో కిందికి దిగి పడవెక్కితే ఎదుటి ఒడ్డున బిర్గు. సాయంత్రం ఆ సందుల్లో తిరగడం వలెట్టా కంటే హాయిగా ఉంటుంది. ఇమ్‌దీనా కోట ఊరికి రాత్రి భోజనం తర్వాత వెళ్లండి, పగలు టూరిస్టు బస్సుల గోల. ఇమ్‌దీనాకు దగ్గర్లోనే మోస్తా ఊరి చర్చి గుమ్మటం. 1942 ఏప్రిల్ 9న బాంబు ఆ గుమ్మటాన్ని చీల్చుకుని లోపల పడింది, చర్చిలో జనం ఉన్నారు, పేలలేదు. దాని నమూనా ఇప్పుడూ అక్కడ పెట్టారు.

రాత్రి

పాచెవిల్ రాత్రి 11 దాటాకే నిద్ర లేస్తుంది. మద్యం కనీస వయసు 17, గుర్తింపు కార్డు అడుగుతారు. పాస్‌పోర్టు గదిలోనే ఉంచి, ఫొటో కాపీ, ఫోటో ఉన్న ఇంకో కార్డు పట్టుకెళ్లండి. చాలా క్లబ్బులకు లోపలికి పోవడానికి డబ్బులుండవు, పెద్ద డీజే వచ్చిన రోజుల్లో ఉంటాయి. చెప్పులు, షార్ట్స్‌తో ఏడెనిమిది మంది మగవాళ్లు గుంపుగా వస్తే గుమ్మం దగ్గరే ఆపుతారు. ఇద్దరు ముగ్గురుగా విడిపోయి, బూట్లు వేసుకుని వెళ్లండి.

రోడ్డు మీద చెయ్యి పట్టుకుని ఉచితంగా ఒక షాట్ అని లోపలికి లాగేవాళ్లుంటారు. బార్ అయితే పర్వాలేదు. ‘జెంటిల్మెన్స్ క్లబ్’ బోర్డు కింద లాగుతుంటే మాత్రం పోకండి. కార్డు మీద గీకే అంకె తెల్లారి చూసుకుంటే గుండె జారుతుంది. ఎక్కడైనా కార్డు మిషన్ మీద అంకె చదివాకే పిన్ నొక్కండి. గ్లాసు వదిలి పక్కకెళ్తే తిరిగొచ్చి దాన్ని తాగొద్దు. వలెట్టాలోని స్ట్రెయిట్ స్ట్రీట్ ఒకప్పుడు నావికుల వీధి, ఇప్పుడు చిన్న బార్లు, సంగీతం. నలభై దాటినవాళ్లకు అదే మేలు.

మా లెక్కలో అసలైన రాత్రి ఊరి ఫెస్టా. వేసవిలో వారానికి ఏదో ఒక ఊళ్లో ఆ ఊరి సెయింట్ పండుగ. విగ్రహాన్ని భుజాల మీద మోస్తారు, బ్యాండు, దారి పొడవునా నూగాట్ మిఠాయి కొట్లు, చెవులు దద్దరిల్లే బాణసంచా. పెద్దగట్టు జాతర చూసినవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు, అందుకే నచ్చుతుంది. ఆగస్టు 15 శాంతా మరియా అన్నిట్లో పెద్దది.

తిండి

బజారులో చవకైనది పస్తిత్సి, పొరలు పొరల కజ్జికాయ అనుకోండి, యూరో లోపో కాస్త అటూఇటూనో. లోపల రికోటా జున్ను ఒకటి, బఠాణీ ముద్ద ఇంకొకటి. శాకాహారులు బఠాణీది తీసుకోవచ్చు గానీ పిండిలో పంది కొవ్వు కలిపారా అని అడగండి, కొన్ని పాత దుకాణాల్లో వాడతారు. కుందేలు కూర వాళ్ల పండుగ వంట, ఎముకలు సన్నవి, పిల్లలకు పెట్టేటప్పుడు చూసుకోవాలి. అన్నం మీద ప్రాణం పోయేవాళ్లకు స్లీమా, గ్జీరా, సెయింట్ జూలియన్స్‌లో భారతీయ హోటళ్లు ఉన్నాయి. కుళాయి నీళ్లు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇస్తారు, తాగొచ్చు, రుచి నచ్చదు. ఫ్లోరైడ్ నీళ్లు ఎరిగిన నల్లగొండ వాళ్లు ముఖం చిట్లించరనుకుంటాం. టీకి, వంటకు అవే వాడి, తాగడానికి పెద్ద బాటిళ్లు సూపర్ మార్కెట్లో కొనండి.

తిరుగు ప్రయాణం గురించి ఒక్కటే. గోజోలో రాత్రి ఉండాలనుకుంటే యాత్ర మధ్యలో ఉండండి, ఆఖరి రాత్రి మాల్టాలోనే. గాలి బలంగా ఉంటే వేగపు పడవ మొదట ఆగిపోతుంది, ఇంకా పెరిగితే పెద్ద ఫెర్రీ కూడా ఆపేస్తారు, అప్పుడు గోజో నుంచి బయటపడే దారే ఉండదు. ముందు రోజు సాయంత్రం 6కల్లా చిర్కెవ్వా దాటి రండి. అక్కడి నుంచి ఎక్స్1 బస్సు తిన్నగా విమానాశ్రయానికి పోతుంది, వేసవి సాయంత్రాల్లో గంటన్నర పైనే వేసుకోండి.